నేల కింద గుటక

నీళ్ళ ఆఫీసు కాగితాల్లో ఆయన ఉద్యోగానికి బారెడు పేరుండేది. ఆ పేరు హాజరుపట్టీ రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. ఊరు ఊరంతా ఆయన్ని చెవి మేస్త్రీ అనేది. ఎదుటపడితే మర్యాదకి ఉత్త మేస్త్రీ, వీపు తిప్పగానే చెవి మేస్త్రీ.

ఆయన చేసే పని చూస్తే ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుతూనే, బళ్ళూ మనుషులూ రోడ్డెక్కకముందే, నిలువెత్తు ఇనుపకడ్డీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. కడ్డీ ఒక కొస నేలకి ఆనించి, చెక్కగిన్నె బిగించిన రెండో కొసకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. రెండడుగులు వేసేవాడు, మళ్ళీ నిలబడేవాడు. నేల కింద నీళ్ళ గొట్టం ఎక్కడ పగిలిందో అలా విని చెప్పేవాడు. "ఇక్కడ తవ్వండి" అని సుద్దతో గీత గీస్తే, ఆ గీతకి జానెడు అటో ఇటో పగులు దొరికేది. ముప్ఫై ఏళ్ళలో ఆయన గీత తప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"నేల గుసగుసలాడినా మా ఆయనకి వినిపిస్తుంది, నేను గొంతు చించుకున్నా వినిపించదు" అని ఆయన భార్య ఇరుగుపొరుగుతో అంటూ ఉండేది. అందులో అబద్ధం పెద్దగా లేదు.

అలాంటి మనిషికి దయ్యాలంటే నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరైనా ఆ ఊసెత్తితే చాలు, ఆటపట్టించి వదిలేవాడు. "నేల కింద ఏముందో నాకంటే ఎవడికి తెలుసయ్యా? మట్టి, గొట్టం, నీళ్ళు, పందికొక్కు. నాలుగే. ఐదోది ఉంటే ఈపాటికి నన్ను పలకరించేదే" అనేవాడు. ఆ మాటలో కాస్త గర్వం ఉండేదనే చెప్పాలి. కనబడనిదానితో రోజూ కాపురం చేసేవాడికి అదంటే అలుసైపోతుంది. ఆ అలుసే చివరికి కొంప ముంచింది.

ఆయనకి ఒక్కతే అక్క. ఆవిడకి చీమ చిటుక్కుమన్నా గుండె దడే. తల్లి పోయేనాటికి ఆవిడకి పన్నెండేళ్ళు, మేస్త్రీకి ఎనిమిది. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. వండటం, వార్చటం, తమ్ముడి తలకి నూనె రాసి బడికి పంపటం, అన్నీ ఆ పన్నెండేళ్ళ పిల్లే చూసుకుంది. పగలంతా పెద్ద ఆరిందాలా తిరిగేది. దీపం ఆర్పాల్సి వచ్చేసరికి మాత్రం మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. "ఒరేయ్, మంచం కింద ఎవరో ఉన్నారురా" అనేది. తమ్ముడు మంచం కిందికి దూరి, అక్కడే బోర్లా పడుకుని, "ఒక చెప్పుంది, రెండు గోలీలున్నాయి, ఇంకేం లేదక్కా" అని కేకేసేవాడు. "నువ్వు లేదంటే లేదురా" అని అప్పుడు పడుకునేది.

ఆవిడ పెద్దదైంది, పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. దర్జీ దుకాణాల నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది. అందుకే ఆ సందులో అందరికీ కాజాలక్క అయింది. ఇంత జరిగినా భయం మాత్రం ఆవిడతోనే పెరిగింది. కిటికీలకి ఇనుపచువ్వలు, తలుపుకి పైనొక గడియ, కిందొక గడియ, మధ్యలో అడ్డకర్ర. దొంగలు ఎత్తుకుపోవడానికి ఆ ఇంట్లో ఏముందని? గుండీల డబ్బా!

మేస్త్రీ లోకాన్నంతా వెక్కిరించాడు గానీ అక్క భయాన్ని ఏనాడూ వెక్కిరించలేదు. ఆ విషయంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఒకసారి మాత్రం, ఉండబట్టలేక, "అంత భయమెందుకక్కా?" అని అడిగాడు.

"కనబడేదైతే పక్కకి తప్పుకుంటాను. కనబడనిది నన్ను చూస్తూ ఉంటుంది, నేను దాన్ని చూడలేను. నాకు దాని పేరు తెలీదు, దానికి నా పేరు తెలుసు. అదిరా బాధ" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆవిడ ఉండే సందులో ఏడిళ్ళు. నడిమిది ఆవిడది. పంపుహౌసు నుంచి అవతలి పెద్దాసుపత్రికి వెళ్ళే లావుపాటి గొట్టం ఆ సందు కిందనుంచే పోతుంది. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి దాంట్లోకి నీళ్ళు వదులుతారు. ఆ గొట్టం అక్క గుమ్మం ముందే ఎక్కడో చిట్లిందని మేస్త్రీ రెండేళ్ళ కిందటే పసిగట్టాడు. కడ్డీ ఆనిస్తే చాలు, సన్నగా బుస్సుమని వినబడేది. రిపోర్టు రాశాడు. తవ్వలేదు. మళ్ళీ రాశాడు. ఆసుపత్రికి నీళ్ళు ఆపడం కుదరదన్నారు. మూడో రిపోర్టు ఏ బీరువా కింద కాలు కుదరక పెట్టుకున్నారో తెలియదు.

రెండేళ్ళు బుసకొట్టిన చప్పుడు ఒకరోజు ఆగిపోయింది. మేస్త్రీ కడ్డీని అక్కడా ఇక్కడా పదిచోట్ల ఆనించి చూశాడు. నిశ్శబ్దం. పగుళ్ళలో ఒక్కోసారి తుప్పూ రాళ్ళూ ఇరుక్కుని వాటంతటవే పూడుకుపోతాయి. అలాంటివి ఆయన చాలా చూశాడు. అక్క గుమ్మం ముందు పీడ విరగడైందని సంతోషపడి, రిజిస్టరులో ఆ సందు పేరుకెదురుగా 'చప్పుడు లేదు, పని అక్కర్లేదు' అని రాసి సంతకం పెట్టాడు. చెవి పండిన పనివాడు మాత్రమే చేయగల తప్పు అది. చెవి పండనివాడైతే మళ్ళీ చూద్దాంలే అనుకునేవాడు.

నెల తిరక్కుండానే సందులో కొత్త చప్పుడు మొదలైంది. నీళ్ళు వదిలిన వేళకి నేల కిందనుంచి ఎవరో పెద్ద గుటక వేసినట్టు వినబడేది. ఒక్కటే గుటక. తర్వాత ఏమీ ఉండదు. అది వినడానికి కడ్డీ అక్కర్లేదు, మంచం మీద కూర్చున్నవాళ్ళకీ వినబడేది. ఎదురింటి సైకిల్ షాపాయన భార్య ఆ వేళకి పిల్లల్ని తీసుకుని సందు చివరికి వెళ్ళి నిలబడటం మొదలుపెట్టింది. అనుమానం పెనుభూతం అన్నారు కదా. వారం తిరిగేసరికి ఆ గుటకకి ఒక చచ్చిపోయిన మనిషి, ఆ మనిషికి ఒక కథ, ఆ కథకి ఇద్దరు సాక్షులు కూడా పుట్టుకొచ్చారు.

మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు మూడు రోజులే నిలిచింది. నాలుగో రోజు పొద్దున, ఆ సందుకి దిగువనున్న వీధిలో మురుగు కాలవ తీసేవాళ్ళు ఆయన్ని ఆపారు. "మేస్త్రీ, ఎక్కడా ఇల్లు కట్టడం లేదు కదా, ఇంత ఇసుక ఎక్కణ్ణించి వస్తోంది?" అని అడిగారు. గట్టున రెండు బళ్ళకి సరిపడా ఇసుక. కడిగినట్టు శుభ్రంగా, సన్నగా, పచ్చగా ఉంది. గొట్టం చుట్టూ పోసే ఇసుక అది. ఆయన గుప్పెట్లోకి తీసుకుని చూశాడు.

పరుగున సందులోకి వచ్చి, అక్క గుమ్మం ముందు కడ్డీ ఎత్తి నేలమీద పొడిచాడు. ఖాళీ కుండని మొట్టినట్టు మోగింది. ఇంకో నాలుగడుగులు వేసి పొడిచాడు. అక్కడా అంతే. అప్పుడు తెలిసింది ఆయనకి. పగులు పూడుకుపోలేదు. గొట్టం చుట్టూ మట్టి ఉన్నంతకాలం నీళ్ళు దాన్ని కొడుతూ బుసకొట్టాయి. కొట్టడానికి మట్టే మిగలనప్పుడు చప్పుడు దేనికొస్తుంది? అక్క ఇంటికింద, సందుకింద మట్టంతా మురుగులోకి జారిపోయి, పెద్ద గొయ్యి పడి, ఆ గోతిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు గాలిని మింగే చప్పుడే గుటక. పైన మిగిలింది బెత్తెడు మందం సిమెంటు. దానిమీద అక్క కూర్చుని కాజాలు కుడుతోంది.

తల్లి పోయినప్పుడు కూడా ఆయన అంత భయపడలేదు.

ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాడు. ఇంజినీరు చెడ్డవాడేం కాదు, కాగితం మనిషి. చెప్పిందంతా ఓపిగ్గా విని, రిజిస్టరు తెప్పించి, వేలు పెట్టి చూపించాడు.

"ఇది మీ సంతకమేగా మేస్త్రీ?"

"నాదే సార్. పొరపాటు పడ్డాను."

"మీరు చప్పుడుందంటే తవ్వమంటారు, చప్పుడు లేదన్నా తవ్వమంటారు. పైవాళ్ళకి నేనేం రాయను? దయ్యం గుటకలేస్తోందని రాయనా?"

సందులో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "నలభై ఏళ్ళుగా నిలబడిన నేల ఎక్కడికి పోతుంది మేస్త్రీ? కాళ్ళొచ్చి నడిచిపోతుందా?" అని సైకిల్ షాపాయన కాలితో దబదబా తొక్కి చూపించాడు. ఆ తొక్కినప్పుడల్లా మేస్త్రీ ప్రాణం విలవిల్లాడింది.

చివరికి అక్క ఇంట్లో కూర్చున్నాడు. "నాతో వచ్చెయ్యక్కా, ఇంటికింద మట్టి లేదు" అన్నాడు. ఆవిడ చొక్కా పక్కన పెట్టింది. మట్టి సంగతి చెవిన పెట్టినట్టే లేదు.

"అది కాదురా. నాకు నిజం చెప్పు. పొద్దున ఆ గుటక వేసేది దయ్యమే కదూ?" అంది.

లేదక్కా, నీళ్ళు అని చెప్పాలి. నలభై ఏళ్ళకి పైగా ఆయన ఆ మాటే చెబుతూ వచ్చాడు. కానీ ఆ మాట చెబితే ఆవిడ ఊపిరి పీల్చుకుని, మళ్ళీ సూది అందుకుని, అక్కడే కూర్చుంటుంది. మేస్త్రీ నేలకేసి చూశాడు.

"అవునక్కా" అన్నాడు.

పావుగంటలో ఆవిడ మూట కట్టేసింది. వెళ్తూ వెళ్తూ మిగతా ఆరు గుమ్మాల ముందూ ఆగి, "మా తమ్ముడే చెప్పాడు, దయ్యముందట" అంది. మామూలు మనిషి చెబితే నవ్వేవారేమో! చెప్పింది దయ్యాల్లేవని జీవితమంతా వాదించినవాడాయె. మధ్యాహ్నానికి సందు ఖాళీ అయింది. దబదబా తొక్కి చూపించిన సైకిల్ షాపాయనే అందరికంటే ముందు పిల్లల్ని చంకనేసుకున్నాడు.

మనుషులింతే. కాళ్ళకింద నేల లేదంటే కదలరు, నేలకింద ఎవరో ఉన్నారంటే ఇల్లు వదిలి పారిపోతారు. మనల్ని ఎరిగిన దానికి, మనమీద కన్నేసిన దానికి భయపడతాం. గోతికి మన పేరు తెలియదు. పేరు తెలియని దాన్ని మనమూ పట్టించుకోం. ఈ సంగతి కాజాలక్క ఎప్పుడో చెప్పింది, అప్పుడు మేస్త్రీకి అర్థం కాలేదంతే.

పదకొండు రోజులు అక్క తమ్ముడింట్లో ఉంది. మరదలితో కలిసి కూరలు తరిగింది, పాత సంగతులు చెప్పి నవ్వించింది. మేస్త్రీకి మాత్రం అన్నం సయించలేదు. ఆవిడ మొహం చూసినప్పుడల్లా తప్పు చేసినట్టుండేది. ఆవిడ బతికుంది, అది చాలనుకుని సర్దుకునేవాడు. రోజూ ఆఫీసుకెళ్ళి ఇంజినీరు బల్లముందు నిలబడేవాడు. ఇంతలో నీళ్ళ గొట్టంలో దయ్యం ఉందన్న పుకారు ఊరంతా పాకి, పైవాళ్ళ దాకా పోయింది. మూడు రిపోర్టులు కదిలించలేని కుర్చీలని ఆ పుకారు కదిలించింది. పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఇంజినీరు తవ్వకానికి ఆర్డరు చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున్నే వాల్వు మూసేస్తాం, మీ గీత మీదే తవ్విస్తాం. సరేనా?"

"ఈ సాయంత్రం నీళ్ళు కూడా ఆపితే బాగుంటుంది సార్."

"ఆసుపత్రికి ముందుగా చెప్పాలి కదయ్యా. ఒక్క పూటకేమవుతుంది? ఎలాగూ అక్కడ మనుషుల్లేరుగా" అన్నాడు ఇంజినీరు.

నిజమే, మనుషుల్లేరు. మేస్త్రీ చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు. గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది.

"వదిన వెళ్ళిపోయింది. సైకిల్ షాపాయన వచ్చి పిలుచుకెళ్ళాడు. పొద్దున దయ్యాల్ని వదిలించే పొగాయనని తెచ్చి సందంతా పొగేయించారట. దయ్యం పోయిందట. మీరొచ్చేదాకా ఉండమన్నాను, వింటేనా! కుట్టాల్సిన చొక్కాలు పేరుకుపోయాయంది."

గోడగడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. నాలుగింటికి నీళ్ళు వదులుతారు. మేస్త్రీ సైకిలెక్కాడు.

ఆయన చేరేసరికి సందు కళకళలాడుతోంది. ఏడిళ్ళ తలుపులూ తెరిచి ఉన్నాయి. పొగ వాసన ఇంకా పోలేదు. పరుపులు గోడలమీద ఆరేసి ఉన్నాయి, ఆడవాళ్ళు గుమ్మాలు కడుగుతున్నారు. కాజాలక్క చీపురు పట్టుకుని అరుగు మీద నిలబడింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది. అంత తేలికైన మొహం ఆయన ఎన్నడూ చూడలేదు.

"పోయిందిరా! మనసు దూదిపింజలా ఉంది" అంది.

మేస్త్రీకి ఎగపోస్తోంది. "అక్కా, బయటికి రా. అందరూ బయటికి రండి. దయ్యం లేదు, ఎప్పుడూ లేదు. మీరు కదలడం లేదని నేనే అబద్ధం చెప్పాను. కింద గొయ్యి ఉంది. నాలుగింటికి నీళ్ళొస్తే..."

పూర్తి చెయ్యనిస్తే కదా! "పదకొండు రోజులు చుట్టాల పంచన పడున్నాం కదయ్యా! నీ అబద్ధానికా?" అని సైకిల్ షాపాయన మీదికొచ్చాడు. ఇంకొకామె శాపనార్థాలు పెట్టింది. నిన్న దయ్యమన్నవాడు ఇవాళ గొయ్యంటాడు, రేపు మొసలంటాడు అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. ఆ సందులో నిజం ఎరిగినవాడు ఒక్కడే, వాడి మాట చెల్లని నాణెమైపోయింది.

కాజాలక్క మాత్రం నవ్వలేదు. చీపురు కింద పెట్టి, తమ్ముడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా భయం నీకు తెలుసు. ఆ సంగతి నీ ఒక్కడికే తెలుసు. దాంతో ఆడుకున్నావురా?"

"నిన్ను బతికించుకోవాలనక్కా."

"నువ్వు లేదంటే లేదనుకున్నాను, ఉందంటే ఉందనుకున్నాను. ఇంకెప్పుడూ నీ మాట నమ్మను." ఆవిడ లోపలికెళ్ళింది. పై గడియ, కింది గడియ, అడ్డకర్ర, మూడూ వేసిన చప్పుడు ఆయనకి విడివిడిగా వినబడింది.

నాలుగైంది. నేల కింద గుటక పడింది. ఎవరో నవ్వబోయారు. వెంటనే రెండో గుటక పడింది, మూడోది పడింది. సందు నడుమ సిమెంటు మీద వెంట్రుకంత గీత ఒకటి మొలిచి, అక్క అరుగుదాకా పాకింది. అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చీపుర్లూ బిందెలూ వదిలేసి, పిల్లల్ని లాక్కుని, అందరూ సందు మొదటికి పరిగెత్తారు.

మేస్త్రీ అక్క తలుపుమీద పడ్డాడు. రెండు చేతులా బాదాడు. "అక్కా, తలుపు తియ్యి! నేల దిగిపోతోంది!"

"ఇంకోసారి మోసపోనురా. వెళ్ళు" అంది లోపలినుంచి. ఏడుస్తున్న గొంతు అది.

కాళ్ళకింద అరుగు కదిలింది. తలుపు తన్నాడు, భుజంతో గుద్దాడు. దయ్యాలకి భయపడి బిగించుకున్న తలుపు, మనిషి గుద్దితే ఊడుతుందా? ఏం చెయ్యాలో తోచలేదు. ఆవిడని ఆ గదిలోంచి కదిలించగలిగిన మాట లోకంలో ఒక్కటే ఉంది.

"అక్కా, దయ్యం! ఇంట్లోనే ఉంది, నీ వెనకే ఉంది, బయటికి పరిగెత్తు!"

"ఏ దయ్యంరా? లేదన్నావుగా ఇందాకే" అంది కాజాలక్క.

సైకిల్ షాపాయన వెనక్కి పరిగెత్తుకొచ్చి మేస్త్రీ కాలరు పట్టి లాగాడు. లాగిన విసురుకి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. తల ఎత్తి చూసేసరికి ఇల్లు లేదు. పెద్ద చప్పుడేమీ కాలేదు. తలుపు అలా నిలబడే కిందికి దిగిపోయిందని సైకిల్ షాపాయన ఇప్పటికీ చెబుతాడు, గడియలతో సహా.

ఆవిడని మూడో రోజున తీశారు. విచారణ జరిగింది, కాగితాలు నడిచాయి, రిజిస్టరులో ఆ పేజీ మీద నలుగురు వేలు పెట్టి చూశారు. మేస్త్రీ అడిగినవాళ్ళకల్లా అది తన సంతకమేనని చెప్పాడు. ఏడిళ్ళవాళ్ళూ వేరే వీధులకి వెళ్ళిపోయారు. గొయ్యి సగం పూడ్చి, చుట్టూ రేకులు పాతి వదిలేశారు. మిగతా సగం ఇంకా లోపల జారుతూనే ఉంది, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రేకులకి ఇవతలే బడిపిల్లల దారి. మొదట్లో పిల్లలు రేకు సందుల్లోంచి దూరి లోపల ఆడుకునేవారు. గొయ్యి ఉంది, పడతారని ఎంత చెప్పినా వినేవారు కాదు. ఈమధ్య ఒక్కడూ అటు తొంగి చూడటం లేదు. అక్కడ కాజాలక్క ఉందట. పగలు కూడా రేకుల వెనక కూర్చుని సూది పట్టుకుని పిల్లల నోళ్ళకి కాజాలు వేస్తుందట. ఏ తల్లి ముందు చెప్పిందో తెలియదు, ఇప్పుడు అందరూ చెబుతున్నారు.

మొన్న ఒకావిడ పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ఎదురొచ్చిన మేస్త్రీని ఆపింది. "అక్కడ కాజాలక్క దయ్యమై తిరుగుతోందట కదా మేస్త్రీ, నిజమేనా?" అని అడిగింది. కాజాలక్క ఎవరి అక్కో ఆమెకి తెలియదు. పిల్లవాడు తల్లి కొంగు వెనక దాక్కుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆయన ఏం చెబుతాడా అని చూస్తున్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి ఆయన గుండె చెరువైపోయింది. బతికినంతకాలం దయ్యానికి భయపడి చచ్చిన మనిషి ఆవిడ. లేదమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. పిల్లవాడికేసి చూసి దాన్ని మింగేశాడు.

"పిల్లల్ని అటు పంపకండమ్మా" అని చెప్పి, కడ్డీ భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు.